‘నీతో ఎవరు వచ్చారు?’ అని అడిగిన ఆట

బావి అనే కంప్యూటర్ ఆటను తయారుచేసిన మనిషి ఇంకా బతికే ఉందని నాకు మొదట చెప్పింది నఫీసా. నోయిడాలో మా ఆఫీసు క్యాంటీన్‌లో టిఫిన్ డబ్బా నా ముందు పెట్టి, మూత కూడా తీయకుండా చెప్పింది.

"సుశీలక్కా, ఆమె ద్వారకల ఉన్నది. మా సొసైటీలనే! నేను పార్కుల కూసోని మా అమ్మతోని ఫోన్ల మాట్లాడుతున్న. గీ బావిల దిగంగనే దీపం ఆరిపోతున్నదే, నా పానం తీస్తున్నదే అని. పక్క బెంచీ మీద ఒక పెద్దామె ఉన్నది. ఇటు తిరిగి, 'దీపం ఆరితే దిగకూడదమ్మాయ్, ఆ ఆట నేను చేసిందే' అన్నది. నాకు పరేషాన్ అయింది."

నఫీసా హైదరాబాద్ పిల్ల, ఉండేది ఢిల్లీలోని ద్వారకలో. మా ఆఫీసులో టెస్టర్. అంటే ఆటను విడుదల చేసేముందు వంద రకాలుగా ఆడి, ఎక్కడ విరుగుతుందో పట్టుకునే మనిషి. నేను ఆటలకు మాటలు రాసేదాన్ని. ఈ మధ్యనే ఆ పని మానుకున్నాను. ఇందులోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "ఆంటీ, ఎలా మొదలుపెట్టాలి?" అని అడుగుతుంటారు. జీతాల సంగతి, హోదాల సంగతి నా దగ్గర లేదు. ఆ బావి సంగతి ఉంది. అదే రాస్తున్నాను.

బొమ్మలు లేని రోజులు

ఇప్పటి పిల్లలకు ఆట అంటే బొమ్మ. మొదట్లో బొమ్మ లేదు. నల్లటి తెర మీద నాలుగు వాక్యాలు ఉండేవి. నువ్వొక గుహ ముందు నిలబడ్డావు, ఉత్తరాన దారి ఉంది, నేల మీద దీపం ఉంది. ఏం చేస్తావో నువ్వు రెండు మాటల్లో రాయాలి. 'దీపం తీసుకో' అంటే తీసుకున్నావు. 'ఉత్తరం' అంటే వెళ్లావు. తప్పు చేస్తే చచ్చిపోయావు. నేను విన్నంతవరకు, దీన్ని మొదలుపెట్టినాయన నిజంగానే గుహల్లో తిరిగే అలవాటున్న మనిషి. అమెరికాలో ఉండేవాడు. తన కూతుళ్లు ఆడుకోవాలని రాశాడట. అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకొక కంప్యూటర్‌కు పాకింది. ఆడినవాళ్లు తమ గదులు కొన్ని కలిపారు. కొన్నాళ్లకు వంటింటి బల్ల దగ్గర కూర్చుని కథ అల్లిన ఇల్లాళ్లు, దాన్ని యంత్రానికి ఎక్కించిన భర్తలు వచ్చారు. తర్వాత కంపెనీలు వచ్చాయి. తర్వాత బొమ్మలు వచ్చి మాటల్ని మింగేశాయి.

ఆ కాలంలో ఆట చేతులు మారేది. పేరు మారేది కాదు, రాలిపోయేది. కాపీ చేసినవాడు మొదటి తెర తీసేసి తన పేరు పెట్టుకుంటే అడిగేవాళ్లు లేరు.

ఆ రోజుల్లో నేను కంప్యూటర్ చూడలేదు. కానీ ఆట ఆడాను. చిన్నప్పుడు వెన్నుకు క్షయ వచ్చి, ఏళ్ల తరబడి ఢిల్లీ సరోజినీ నగర్ క్వార్టర్లో మంచం మీదే ఉన్నాను. బడి లేదు. నాన్న ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఇంటికి రాగానే బూట్లు విప్పి, నా పక్కన స్టూలు వేసుకుని ఆయనే పాఠం చెప్పేవారు. పాఠం అయ్యాక, "కళ్లు మూసుకో. గేటు దాటావు. కుడికా, ఎడమకా?" అనేవారు. నేను కుడికి అంటే, బట్టల దుకాణాలు, తోసుకునే జనం, ఒక ఆవు, దాని వెనక చెరుకురసం బండి. "ఆవును జరగమంటాను" అంటే, "అది హిందీ ఆవు, నీ తెలుగు దానికి తెలియదు" అనేవారు. అలా మంచం దిగకుండా మార్కెట్ అంతా తిరిగాను. నాకు అలాంటి తండ్రిని ఇచ్చినందుకు దేవుణ్ణి స్తుతించని రోజు లేదు. నడక వచ్చాక నిజం మార్కెట్‌కు వెళితే, అది నాన్న చెప్పినదానికంటే చిన్నగా కనిపించింది.

రెండువేల సంవత్సరం దాటాక, చిన్న తెరల ఫోన్లు అందరి చేతుల్లోకి వచ్చినప్పుడు, మాటల ఆటలకు మళ్లీ కొంచెం ఊపిరి వచ్చింది. ఆ తెర మీద బొమ్మ సరిగ్గా పట్టదు, మాట పడుతుంది. నోయిడాలో ఒక కంపెనీ పాత ఆటల్ని వెతికి ఫోన్లకు తెస్తోంది. మాటలు కుదించి రాయగల మనిషి కావాలన్నారు. వెళ్లాను. డిగ్రీ అడగకుండా, "ఒక గది రాసి చూపించండి" అని అడిగిన మా బాస్ వివేక్‌కు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని. చెరుకురసం బండి రాసి చూపించాను.

‘కుదరదు’ అని రాయడం

బయటివాళ్లు ఈ పని అంటే కథ రాయడం అనుకుంటారు. కాదు. రోజులో ఎక్కువ భాగం 'కుదరదు' అని రాయడమే. ఆడేవాడు తలుపు తింటానంటాడు, రాజును ముద్దు పెట్టుకుంటానంటాడు, బూతులు తిడతాడు. ప్రతిదానికీ జవాబు ఉండాలి. జవాబు లేనిచోట యంత్రం 'అర్థం కాలేదు' అంటుంది. అక్కడే ఆడేవాడికి అవతల మనిషి లేడని తెలిసిపోతుంది. ఎవరైనా 'ప్రార్థించు' అని రాస్తే ఏ ఆటలోనూ జవాబు లేదని గమనించి, నేను చేసిన ప్రతి ఆటలోనూ ఒక వాక్యం పెట్టాను. 'ప్రార్థించావు. చీకటి అలాగే ఉంది. నీ చేతులు వణకడం ఆగింది.' వివేక్ చూసి, "దీనివల్ల ఆటలో ఏం మారుతుంది, సుశీలా జీ?" అన్నాడు. "ఏమీ మారదు" అన్నాను. "అచ్ఛా. అయితే ఉండనీ" అన్నాడు.

ఇంకొక పద్ధతి చెబుతాను, ఇది నేర్చుకోండి. ప్రోగ్రాం రాయకముందే ఒకరు యంత్రంగా కూర్చోవాలి. ఎదురుగా ఒకరు ఆడేవారు. యంత్రంగా కూర్చున్నవారు రాసి ఉన్న జవాబు తప్ప ఇంకేమీ చెప్పకూడదు. నవ్వకూడదు, కనుబొమ ఎగరేయకూడదు, 'అయ్యో' అనకూడదు. ఎదుటివాడు చావుకు నడుస్తున్నా సరే. ఇది వినడానికి తేలిక. నేను చూసినవాళ్లలో చాలామందికి చేతకాలేదు. మనిషికి ముఖం అడ్డం వస్తుంది.

బావి ఆట మాకు ఎవరో విద్యార్థుల కాపీగా చేరింది. తయారుచేసినవారి పేరు లేదు. కథ చిన్నది. పాడుబడ్డ బావిలో పడిపోయిన కంచు గంట కోసం తాడు పట్టుకుని దిగాలి. అడుగున సొరంగాలు ఉన్నాయి. గంట దొరికాక తాడు దగ్గరకు తిరిగి వచ్చి 'ఎక్కు' అంటే, ఆట ఒకటే జవాబు చెబుతుంది. 'తాడు వదులుగా ఉంది.' ఎన్నిసార్లు అడిగినా అదే. మా ఆఫీసులో ఎవరూ పైకి రాలేకపోయారు. తయారుచేసినవాడు సగంలో వదిలేశాడని తేల్చారు. ముగింపు మనమే రాసి అతికించేద్దాం అన్నాడు వివేక్. సరిగ్గా అప్పుడే నఫీసా టిఫిన్ డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

ద్వారక

ఆదివారం ఆరాధన ముగించుకుని మెట్రోలో వెళ్లాను. ఆ పెద్దామె, సుభద్రగారిది కింది అంతస్తు ఫ్లాటు. భర్త పోయారు. ఆవిడకు మూత్రపిండాలు పాడై, రక్తం శుద్ధి చేయించుకోవడానికి వారం వారం ఆస్పత్రికి వెళ్లివస్తున్నారు. చేతి మీద సూదుల గుర్తులు, కాళ్లకు వాపు. మాట మాత్రం కొట్టినట్టే ఉంది.

"నువ్వేనా బావికి మాటలు రాసేది? ఏవూరమ్మాయ్ మీది?"

"ఒంగోలు దగ్గరండీ. పుట్టింది ఇక్కడే."

"అయితే మా జిల్లానే. కూర్చో. నాకు గ్లాసెడు నీళ్లు కూడా కొలిచే ఇస్తారు గానీ నీకు కాఫీకి కరువు లేదు."

ఆవిడ భర్త ప్రభుత్వ కంప్యూటర్ కేంద్రంలో ఉద్యోగి. సెలవురోజు యంత్రం ఖాళీగా ఉంటే వాడుకోనిచ్చేవారట. ఈవిడ క్యారియర్‌లో అన్నం పెట్టుకుని వెళ్లి పక్కన కూర్చునేవారు. బావి, సొరంగాలు, దీపం, గంట అన్నీ ఆవిడ తెలుగులో చెప్పడం, ఆయన ఇంగ్లీషులోకి మార్చి యంత్రానికి ఎక్కించడం. ఆఫీసులో అందరూ ఆయన ఆటే అనుకున్నారు. ఆయన కాదని చెప్పినా నవ్వేవారట.

"మరి పైకి ఎలా రావాలండీ?" అని అడిగాను. "మా వాళ్లందరూ అడుగునే ఉండిపోయారు."

"ఉండరూ మరి! ఆట మొదట్లో ఏం అడుగుద్ది?"

ఆలోచించాను. మొదటి తెర మీద ఒక ప్రశ్న ఉంది. 'నీతో ఎవరు వచ్చారు?' మేమంతా దాన్ని పేరు నమోదు లాంటి మర్యాద అనుకుని, ఖాళీగా వదిలేసి బటన్ నొక్కి ముందుకు పోయాం. వందసార్లు ఆడిన నఫీసా వందసార్లూ ఖాళీగానే వదిలింది.

"ఎవరూ రాలేదని చెప్పి దిగారు. ఇంక తాడు ఎవరు పట్టుకుంటారమ్మాయ్? ఎవరిదో ఒకరి పేరు రాయాలి. ఆ మనిషి పైన నిలబడుద్ది. అడుగున గంట దొరికాక ఆ పేరు పెట్టి పిలవాలి. పిలిస్తే తాడు బిగుస్తది."

 నాకు కోపం వచ్చింది. మా పనిలో దీనికి మించిన తప్పు లేదు. ఆడేవాణ్ణి మొదటి అడుగులోనే చంపి, ఆ సంగతి చివరిదాకా చెప్పకపోవడం.

"ఇది అన్యాయం అండీ" అన్నాను. "తప్పు జరిగిందని ఆడేవాడికి తెలియాలి కదా. గంటలకొద్దీ చచ్చినవాడిలా తిరుగుతున్నాడు పాపం, వాడికే తెలియదు."

 సుభద్రగారు వంటింట్లో పనిచేసే అమ్మాయిని గిన్నెల చప్పుడు ఆపమన్నారు. అప్పుడు చెప్పారు.

ఆవిడ తమ్ముడు వాసు. పెళ్లి కుదిరిన కుర్రాడు. ఎండాకాలం తోటబావిలో మోటారు గొట్టం అడుగున మట్టి పట్టింది. బావిలోకి దిగేముందు వెలిగించిన దీపాన్ని తాడుతో కిందికి దింపి చూస్తారు. ఆరిపోతే అడుగున చెడుగాలి ఉన్నట్టు, దిగకూడదు. పైన ఒక మనిషి తాడు పట్టుకుని నిలబడాలి. ఇది ఆ ఊళ్లో పాలేరు నుంచి పెద్దకాపు దాకా అందరికీ తెలిసిన పద్ధతి. వాసు దీపం దింపి చూశాడు, వెలుగుతూనే ఉందట. మనిషి కోసం పిలిచాడు. అన్నాల వేళ, ఎవరూ రాలేదు. చిన్న పనే కదా అని తాడు చెట్టుకు కట్టి దిగాడు. అడుగున మట్టి కదిలించాక చెడుగాలి లేచింది. చెట్టు తాడును పట్టుకోగలదు గానీ, లాగలేదు.

"వాడూ గంటలకొద్దీ అట్టనే ఉన్నాడమ్మాయ్" అన్నారు సుభద్రగారు. "నీ ఆటలోవాళ్లు లేచి టీ తాగుతారు."

 కాఫీ చల్లారింది.

కాసేపటికి ఆవిడే, "నా పేరు వేస్తారో వెయ్యరో మీ ఇష్టం. పేరు పెట్టుకుని నేనేం చేసుకుంటాను? ఆ ప్రశ్న మాత్రం తియ్యబాకండి" అన్నారు. ఆవిడ నన్ను అడిగింది ఆ ఒక్కటే.

ఆవిడ యంత్రం, నేను మనిషి

తర్వాత చాలా ఆదివారాలు వెళ్లాను. ఆవిడ దిండుకు ఆనుకుని యంత్రంగా కూర్చునేవారు. నేను ఆడేదాన్ని. అంత నిక్కచ్చి యంత్రాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. నేను తప్పుదారిలో పోతుంటే కళ్లు కూడా కదలవు. నఫీసా ఒకసారి వచ్చి చూసి, "అమ్మో, ఈమె ముందల పేకాడితే ఇల్లమ్ముకోవాలె" అంది. ఆ ఒక్కసారి యంత్రం నవ్వింది.

మేము వాదించుకున్నది ఒక్క విషయం మీదే. ఒంటరిగా దిగినవాడికి దారి ఉండాలా, వద్దా. నేను ఉండాలన్నాను. దిగుతుండగానే తాడు ఒకసారి జారాలి. దీపం రెపరెపలాడాలి. 'పైన ఎవరైనా ఉన్నారా?' అన్న అనుమానం వాడికి రావాలి. అప్పుడే వెనక్కి తిరిగితే పైకి వచ్చి, ఎవరినైనా పిలుచుకుని మళ్లీ దిగే వీలుండాలి. ఆవిడ ఒప్పుకోలేదు. "అట్టా చేస్తే ఇంక భయమేముంది?" అన్నారు.

ఒకరోజు ఆస్పత్రి నుంచి వచ్చి బాగా నీరసంగా ఉన్నారు. ఆట వద్దండీ అన్నాను. "దిగు" అన్నారు. నేను కావాలనే ఒంటరిగా దిగాను. సగం దాకా పోయాక ఆగి, 'వెనక్కి' అన్నాను. రాసి ఉన్న జవాబు 'కుదరదు'. ఆవిడ అది చెప్పాలి. చెప్పలేదు.  గోడవైపు తిరిగిపోయారు.

"రానివ్వు" అన్నారు. "సగంలో గుర్తొచ్చినవాణ్ణి పైకి రానివ్వు. మా వాడికి గుర్తొచ్చే ఉంటది. వచ్చే వీలే లేకపోయింది."

ఆ రోజు రాసిన గదులే నా పనిలో నేను రాసిన మంచి మాటలు. అవి నావి కావు. అక్కడ కూర్చోనిచ్చినందుకు దేవునికి వందనాలు.

మెట్రోలో నిలబడ్డవాడు

వివేక్‌ను చెడ్డవాడిగా చూపించడం నాకు ఇష్టం లేదు. ఢిల్లీ పంజాబీ కుర్రాడు, మాటల మీద గౌరవం ఉన్నవాడు. "సుశీలా జీ, ఆడేవాడు మెట్రోలో ఒక చేత్తో రాడ్ పట్టుకుని నిలబడ్డాడు. రెండో చేతి బొటనవేలు మాత్రమే మీది" అనేవాడు. ఆ ఒక్క మాట నాకు రాయడం నేర్పింది. బావి కొత్త రూపం ఆడి, దిగుతూ సగంలో వెనక్కి తిరిగి పైకి వచ్చినప్పుడు వాడు కుర్చీలో వెనక్కి వాలి, "యార్" అన్నాడు. అంతకంటే మెచ్చుకోలు వాడి దగ్గర ఉండదు. ప్రశ్న ఉంటుందని, మొదటి తెర మీద సుభద్రగారి పేరూ ఉంటుందని నాకు మాట ఇచ్చాడు. నేను ద్వారక వెళ్లి ఆ మాట ఆవిడకు చెప్పాను.

తర్వాత కంపెనీని ఇంకొకరు కొన్నారు. వివేక్ పైన కొత్తగా ఒకాయన వచ్చాడు. బయటి జనంతో ఆడించి చూశారు. దాదాపు అందరూ ప్రశ్న దగ్గర ఖాళీగా వదిలేశారు. కొందరు అక్కడే ఆట మూసేశారు. ఫోన్ తెర మీద పేరు కొట్టడం విసుగు. మీటింగులో కొత్తాయన, "ఎవరూ జవాబు చెప్పని ప్రశ్న ఎందుకు?" అన్నాడు. నేను ఆయనకు వాసు సంగతి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "వెరీ సాడ్" అన్నాడు. నిజంగానే అన్నాడు. తర్వాతి అంశానికి వెళ్లిపోయాడు. వివేక్ బల్ల మీద పెన్ను తిప్పుతూ ఉన్నాడు. నా వైపు చూడలేదు.

ప్రశ్న తీసేశారు. గంట తీసుకుని 'ఎక్కు' అంటే తాడు దానంతట అదే బిగుస్తుంది. మొదటి తెర మీద కంపెనీ గుర్తు ఉంది. మనుషుల పేర్లు పెట్టడం తమ పద్ధతి కాదన్నారు.

పిల్లలూ, ఇక్కడ ఒక మాట సూటిగా చెబుతాను. ఆ రోజు గదిలో దుర్మార్గులు ఎవరూ లేరు. అందరూ ఆడేవాడి గురించే ఆలోచించారు. ఆడేవాడికి విసుగు పుట్టించకూడదు అనుకోవడం మన వృత్తిలో మంచితనం. ఆ మంచితనంతోనే ఆటలో ప్రాణమున్న చోటును కోసేస్తారు. మీ చేతా కోయిస్తారు. చప్పుడు కూడా రాదు.

అడగలేదే

విడుదలైన ఆటను ఫోన్‌లో తీసుకుని నఫీసా, నేనూ ద్వారక వెళ్లాం. ముందే అంతా చెప్పేశాను. సుభద్రగారు తలూపారు. "చూపించు" అన్నారు. అప్పటికి వేళ్లు సరిగా పట్టడం లేదు. నఫీసా ఫోన్‌ను ఆవిడ అరచేతిలో పెట్టి, కింద తన చేయి ఆనించి పట్టుకుంది. కంపెనీ గుర్తు వచ్చింది, పోయింది. తర్వాత నేరుగా బావి.

ఆవిడ తెరవైపు చూస్తూనే ఉన్నారు.

"అడగలేదే" అన్నారు.

"అడగదమ్మా, తీసేసిన్రు" అంది నఫీసా.

"తెలుసులే. అయినా అడుగుద్దేమో అనుకున్నా." బొటనవేలితో 'దిగు' నొక్కారు. దిగారు. దీపం వెలుగుతూనే ఉంది. కొన్ని గదులు నడిచి ఆగిపోయారు. ఫోన్ నఫీసాకు ఇచ్చేసి నావైపు తిరిగారు.

"పైన ఎవరున్నారమ్మాయ్?"

యంత్రంగా కూర్చోవడం నేర్చినదాన్ని, ఆ రోజు నా ముఖం నాకు అడ్డం వచ్చింది.

ఆ తర్వాత సుభద్రగారు ఎక్కువ రోజులు బతకలేదు. కర్మకాండకు ఊరినుంచి మరుదులు వచ్చారు. ఆటల సంగతి వాళ్లకు తెలియదు, మేమూ చెప్పలేదు. నఫీసా వాళ్ల పద్ధతిలో దువా చేసుకుంది. నేను నా పద్ధతిలో ప్రార్థన చేసుకున్నాను. చీకటి అలాగే ఉంది.

ఆ ఫోన్లు పోయాయి. వాటితో పాటు బావీ పోయింది. ప్రశ్న ఉన్న రూపాన్ని ఆఫీసులో ఎవరూ దాచలేదు. విద్యార్థుల కాపీ ఏమైందో తెలియదు. ఇప్పుడు ఆ ఆటను ఎవరూ ఆడలేరు. దాన్ని తయారుచేసింది ఎవరని అడిగినా చెప్పేవాళ్లం నఫీసా, నేనూ ఇద్దరమే మిగిలాం.

అందుకని ఈ పనిలోకి వస్తున్న మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మీరు రాసే ఆటల్లో ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చీకట్లోకి దిగుతారు. బావి కావచ్చు, గుహ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. అప్పుడు పైన తాడు పట్టుకుని ఒక మనిషిని నిలబెట్టండి. ఆ మనిషికి సుభద్ర అని పేరు పెట్టండి.